తోట వేయడానికి తొందరేముంది?

మా కాలనీ ఖాళీ స్థలంలో ఉమ్మడి కూరగాయల తోట వేయాలని తీర్మానించాక రెండు వానాకాలాలు వచ్చి వెళ్లాయి. ఇంతవరకూ ఒక్క విత్తనం కూడా భూమిలో పడలేదు. కొందరు దీన్ని ఆలస్యం అంటున్నారు. తోట ప్రణాళికా సంఘం కార్యదర్శిగా నేను దీన్ని క్రమశిక్షణ అంటాను. విత్తనం వేయడానికేముంది, కాకులు కూడా వేస్తాయి. మా వీధిలో వేపచెట్లన్నీ అవి వేసినవే. ఏ కాకీ మీటింగ్ పెట్టలేదు, మినిట్స్ రాయలేదు. అందుకే ఆ చెట్లు అలా ఎక్కడపడితే అక్కడ మొలిచాయి.

మాది హైదరాబాద్ శివార్లలో ఆరెకరాల లేఔట్. అందులో పదో వంతు అందరి వాడకానికని ఖాళీగా వదిలి, స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ చేశారు. ఎకరానికి 4840 గజాల లెక్కన కాగితం మీద మాకు 2904 గజాల ఖాళీ స్థలం ఉంది. ఇన్నేళ్లూ దాని ఊసు ఎవరికీ పట్టలేదు. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. చెరువుల్లో, పార్కుల్లో కట్టినవాటిని యంత్రాలు కూల్చడం టీవీలో చూసిన వారమే మా వాళ్లకి ఆకుకూరల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రెసిడెంటు గారు అత్యవసర సమావేశం పెట్టి, "మన పిల్లలకి మట్టి వాసన తెలియాలండీ" అన్నారు. కారు మీద దుమ్ము పడితే వాచ్‌మన్‌ని నిలబెట్టి కడిగేసే మనిషి మట్టి గురించి అంత ఆర్ద్రంగా మాట్లాడటం చూసి నాకే కళ్లు చెమర్చాయి.

మర్నాడే టేపు పట్టుకుని కొలిచాం. కమ్యూనిటీ హాలు 600 గజాలు. గుడి, దాని మండపం కలిపి 450. షటిల్ కోర్టు 200. ఇళ్లలో పట్టని కార్లు నిలబెట్టుకునే రేకుల షెడ్డు 900. ఇల్లు కట్టుకునేవాళ్లు "రెండు నెలలేనండీ" అని ఐదేళ్ల క్రితం పోసిన ఇసుక, కంకర, ఇటుకలు 500. వాటర్ ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్, వాటి కంచె 190. మిగిలింది 64 గజాలు.

వీటిలో ఏదీ ఆక్రమణ కాదని ఇక్కడే స్పష్టం చేస్తున్నాను. ఇవి సౌకర్యాలు. ఆక్రమణ అనేది పక్క కాలనీవాళ్లు చేసేది. గుడి సంగతే తీసుకోండి. బహిరంగ స్థలాల్లో కొత్తగా ప్రార్థనా మందిరాలు కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది, నిజమే. మా గుడి కొత్తది కాదుగా! అందులోని రాయి కొన్ని కోట్ల ఏళ్లనాటిది. మేము దానికి పసుపు రాశాం, ఎండ తగలకుండా రేకు వేశాం, రేకు బాగోలేదని స్లాబు వేశాం. అంతకుమించి ఏమీ చేయలేదు.

అరవై నాలుగు గజాలైతేనేం, ఆలోచన పెద్దదైనప్పుడు? రిటైరైన చీఫ్ ఇంజినీరు గారు అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చారు. అక్కడి తోట గురించి ప్రొజెక్టర్ పెట్టి చూపించారు. ఏడాదికింత అని రుసుము కడితే ఇంటికో మడి ఇస్తారట. నీళ్ల పైపు, పనిముట్లు ఉమ్మడివట. మడి దొరకనివాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారట. ఇందులో మాకు అన్నిటికంటే నచ్చింది వెయిటింగ్ లిస్టు. మట్టి అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు. వెంటనే అమలు చేశాం. ప్రస్తుతం మా తోటలో మడి ఒక్కటీ లేదు గానీ, మడి కోసం ఎదురుచూసేవాళ్లు నలభై ఒక్క మంది ఉన్నారు. ఇద్దరు సిఫారసు కూడా చేయించారు. పెద్దావిడ ఒకరు మాత్రం, "మడి అంటున్నారు కదా నాయనా, అందులో ఉల్లి, వెల్లుల్లి వేస్తే ఎలా?" అని అడిగారు. ప్రశ్న సహేతుకమని భావించి ఉపసంఘానికి పంపాం.

తర్వాత ఎరువు. రసాయనాలు వద్దని అందరం ఒకే మాట మీద నిలబడ్డాం. (మా కాలనీ చరిత్రలో ఇది రెండోసారి. మొదటిది మెయింటెనెన్స్ పెంచొద్దన్నప్పుడు.) ప్రకృతి సేద్యం నేర్పే పాలేకర్ గారి జీవామృతం అనే ద్రవ ఎరువు వాడదామన్నారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. దీన్ని 64 గజాలకి కుదిస్తే పేడ 132 గ్రాములు, బెల్లం 26 గ్రాములు వచ్చింది. ఆడిటర్ గారు పేడకి బిల్లు ఉండాలన్నారు. 132 గ్రాముల పేడకి బిల్లు ఇచ్చే ఆవు గల యజమాని కోసం మూడు నెలలు తిరిగాం. ఒకాయన దొరికాడు, కానీ ఆవు జెర్సీది. దేశవాళీదే కావాలని సంఘం పట్టుబట్టింది. గుప్పెడు మట్టి అంటే ఎవరి గుప్పెడు అన్న విషయం ఇంకా తేలలేదు.

కంపోస్టు గుంత మీద నేను ఎక్కువ రాయను, కేసు నడుస్తోంది. ఈశాన్యంలో వద్దని వాస్తు చెప్పింది. నైరుతిలో బరువుండాలి తప్ప గుంత ఉండకూడదంది. ఆగ్నేయంలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మిగిలింది వాయవ్యం. అక్కడ ప్రెసిడెంటు గారి ఇల్లుంది. శాస్త్రం ఇలా అర్ధాంతరంగా ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక అసలు చిక్కు పంటల జాబితా దగ్గర వచ్చింది. మొదటి అంశంగా "గోంగూర" అని రాశాను. మూడో వీధివాళ్లు లేచారు. "ఇది మా నేల సార్, దీన్ని పుంటికూర అంటరు" అన్నారు. ఐదో వీధిలో ఎక్కువమంది గుంటూరు నుంచి వచ్చినవాళ్లు. "పుంటికూర పచ్చడి అని ఎక్కడైనా సీసా మీద రాసుందా?" అన్నారు. సొరకాయ, ఆనపకాయ కూడా ఆ సాయంత్రమే వచ్చాయి, కానీ వాటికి అంత పట్టింపు లేకపోయింది. పుల్లటి ఆకు దగ్గర మాత్రం ఎవరూ తగ్గలేదు. ఐదు ఆదివారాలు గడిచాక నేను మధ్యేమార్గంగా "ఎర్రకాడల పులుపు ఆకుకూర" అని రాశాను. తెల్లకాడలవాళ్లు వాకౌట్ చేశారు.

అయినా పని ఆగిందనుకోకండి. పునాది పడింది, బోర్డుకి. నల్ల గ్రానైటు, బంగారు అక్షరాలు, దాతల పేర్లు, కార్యవర్గం ఫొటోలు. ఎనిమిదడుగుల బోర్డు కావడంతో దాని నీడ పడే చోట ఏ మొక్కా బతకదని నర్సరీ అతను చెప్పాడు. బోర్డు ముందుకి జరిపితే షటిల్ కోర్టు. వెనక్కి జరిపితే తోట. తోటే వెనక్కి జరిగింది.

ఈ దశలో మా ప్రణాళికకి పెద్ద ఎదురుదెబ్బ తగిలింది. ట్రాన్స్‌ఫార్మర్ కంచె వెనక, ట్యాంకు పైపు కారే చోట, మా వాచ్‌మన్ భార్య ఎవరినీ అడక్కుండా కూరగాయలు పండించింది. ఆమెది పాలమూరు. తొలకరికి గుప్పెడు గింజలు చల్లిందట, నెల తిరగకుండా ఆకు చేతికొచ్చింది. పక్కన నాలుగు బెండ మొక్కలు. ఇసుక కుప్ప చుట్టూ ఉన్న ముళ్లకంచె మీదికి తీగ పాకించింది. దానికి మూడు కాయలు వేలాడుతున్నాయి (సొరకాయలో ఆనపకాయలో, నేను చెప్పను). గిన్నెలు కడిగిన నీళ్లు పోసిందట, పొయ్యిలో బూడిద చల్లిందట. ఉపసంఘం లేదు, ఆడిట్ లేదు, నేల నమూనా పరీక్ష కూడా లేదు.

కొలిపించాం. మూడు గజాలు. 2904 గజాల్లో ఇదొక్కటే అనుమతి లేని వినియోగమని సంఘం ఏకగ్రీవంగా గుర్తించింది. నోటీసు ఇవ్వాలని తీర్మానించి, రాసే బాధ్యత నాకు అప్పగించారు. "ఖాళీ స్థలంలో అక్రమంగా పెంచుతున్న" అని మొదలుపెట్టాను. ఏమి పెంచుతున్నట్టు? గోంగూర అని రాస్తే మూడో వీధి సంతకం పెట్టదు. పుంటికూర అంటే ఐదో వీధి పెట్టదు. కాడలు ఎర్రవో తెల్లవో చూద్దామని వెళ్తే రెండూ ఉన్నాయి. ఆ చోట ఖాళీ వదిలి నోటీసుని ఉపసంఘానికి పంపాను. వాళ్లు వచ్చే ఆదివారం కూర్చుంటారు.

నిన్న పొద్దున ఆమే మా గేటు దగ్గరికి వచ్చింది. "సారూ, ఆకు ముదురుతున్నది. రేపటికి పనికిరాదు. కోసుకపోతరా, నన్నే తెమ్మంటరా?" అంది.

ఆదివారం దాకా ఏమీ చెప్పలేనమ్మా, విషయం సంఘం పరిశీలనలో ఉంది అన్నాను. ఆమె తల ఊపి, మా ఆవిడతో ఏదో మాట్లాడి వెళ్లిపోయింది. మధ్యాహ్నం కంచంలో పుల్లటి పప్పు వడ్డించారు. అది ఏమి పప్పో నేను అడగలేదు. రెండోసారి మాత్రం వేయించుకున్నాను.