కార్డు మీద మూడున్నర రూపాయల వడ్డీ

భోగి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక తెనాలి దగ్గర మా ఊళ్లో పిన్ని వాళ్ల వరండాలో కూర్చున్నాం. తమ్ముడి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. చూసి జేబులో పెట్టేసుకున్నాడు గానీ మొహం మాత్రం మారిపోయింది.

"ఏంట్రా?" అంది పిన్ని.

"ఏం లేదమ్మా, కార్డు బిల్లు. మినిమం మూడు వేలు కట్టేస్తే సరిపోతుంది."

"మరి మిగతాదానికి వడ్డీ?"

"నెలకి మూడున్నర శాతం."

పిన్ని ఒక్క క్షణం ఆగింది. "అంటే నూటికి మూడున్నర రూపాయలా? అంత వడ్డీకి ఎవరు తెచ్చుకోమన్నారు నిన్ను?"

వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. కూకట్‌పల్లిలో రూము. ఎక్సెల్‌లో పెద్ద పెద్ద లెక్కలు వేసే కుర్రాడు. అయినా 'మూడున్నర శాతం' అన్నప్పుడు వాడికి భయం వేయలేదు. 'మూడున్నర రూపాయలు' అని తల్లి నోట విన్నాక వేసింది. మన దగ్గర వడ్డీని కొలిచేది రూపాయల్లోనే. రూపాయి వడ్డీ అంటే న్యాయంగా ఇచ్చినట్టు. రెండు రూపాయలంటే అవసరానికి తప్పదు. మూడు దాటితే ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఐదంటే మునిగినట్టే. ఈ కొలతలో పెట్టి చూస్తే క్రెడిట్ కార్డు ఎక్కడ నిలబడుతుందో బడికి వెళ్లని వాళ్లకు కూడా తెలిసిపోతుంది. శాతాల్లో చెప్పడం వల్లే అది కనిపించకుండా పోతోంది.

లెక్క పూర్తిగా చూద్దాం. మన దేశంలో చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా ఉంటోంది. ఏడాదికి 42 నుంచి 45 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే మూడున్నర రూపాయలు చేతికొచ్చేసరికి నాలుగు రూపాయల పైమాట. పిన్ని ఏళ్ల తరబడి డ్వాక్రా సంఘం లెక్కలు రాసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో పావలా వడ్డీ పథకం వచ్చినప్పుడు సరిగ్గా వాయిదాలు కట్టిన సంఘాల్లో ఆమెదీ ఒకటి. తల్లి పావలా వడ్డీకి తెచ్చుకుని పైసాతో సహా తీర్చింది. కొడుకు అంతకు పదహారు రెట్లు వడ్డీకి తెచ్చుకున్నాడు, అది అప్పు అని కూడా అనుకోకుండా.

ఆ సాయంత్రం వాడి స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాం. ఏడు నెలల కింద ఫోనూ, ఫ్రిజ్జూ కలిపి బిల్లు 64,000 వచ్చింది. ఆ నెల చేతిలో డబ్బు సరిపోక మినిమం 3,200 కట్టాడు. తర్వాతి నెలా అంతే. ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనలేదు, ఆ జాగ్రత్త వాడికుంది. ఏడు నెలల్లో మొత్తం కట్టింది దాదాపు 21,700 రూపాయలు. బాకీ ఎంత తగ్గిందో తెలుసా? నాలుగు వేల ఏడు వందలు. మిగతా పదిహేడు వేలూ వడ్డీకి, పన్నుకి పోయాయి. ఒక్క నెల కూడా లేటు చేయలేదు. బ్యాంకు నుంచి ఒక్క ఫోన్ రాలేదు. వాడి లెక్కలో వాడు సక్రమంగానే కడుతున్నాడు.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. క్రెడిట్ కార్డు మంచిదా చెడ్డదా అన్న చర్చలో సాధారణంగా దుబారా గురించి మాట్లాడతారు. కుర్రాళ్లకు అదుపు లేదంటారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. కార్డు లాభమా నష్టమా అన్నది షాపులో గీకినప్పుడు కాదు, నెలకోసారి బిల్లు కట్టే స్క్రీన్ దగ్గర తేలుతుంది. అక్కడ రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది మినిమం డ్యూ. మొదటిది కడితే కార్డు మనకు పనిచేస్తుంది. రెండోది కడితే మనం దానికి పనిచేస్తాం.

కార్డు వద్దనే వాళ్లలో నేను లేను. పన్నెండేళ్లుగా వాడుతున్నాను. దాని విలువ నాకు తెలిసింది ఖర్చు పెట్టినందుకు బ్యాంకు ఇచ్చే పాయింట్ల వల్ల కాదు. నాలుగేళ్ల కింద ఒక రాత్రి నాన్నకి ఛాతీలో నొప్పి వస్తే గుంటూరు తీసుకెళ్లాం. అడ్మిషన్‌కి ముందు లక్ష రూపాయలు అడ్వాన్స్ కట్టమన్నారు. అర్ధరాత్రి పన్నెండున్నర. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది గానీ దాన్ని విరగ్గొట్టి డబ్బు తెచ్చుకునే ఓపిక, టైమ్ ఆ గంటలో ఎవరికుంటుంది? కార్డు ఇచ్చాను. నాన్నని లోపలికి తీసుకెళ్లారు. పది రోజులకు డిపాజిట్ తీసి, గడువు ఇంకా పక్షం రోజులు ఉండగానే మొత్తం కట్టేశాను. పైసా వడ్డీ పడలేదు. ఆ రాత్రి కార్డు లేకపోతే నేను ఎవరికి ఫోన్ చేసేవాణ్ణో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అసలు లాభం అదీ. బిల్లు తయారైన మర్నాడు ఏదైనా కొంటే అది తర్వాతి నెల బిల్లులోకి వెళ్తుంది, కట్టడానికి మరో ఇరవై రోజులుంటాయి. అంటే దాదాపు యాభై రోజులు వడ్డీ లేని అప్పు. బిల్లు తేదీకి ముందు రోజు కొంటే అదే గడువు ఇరవై రోజులకు దిగిపోతుంది. ఈ చిన్న తేడా తెలిసినవాళ్లు పెద్ద కొనుగోళ్లు బిల్లు తేదీ దాటాకే చేస్తారు.

ఇంకో లాభం, మోసం జరిగినప్పుడు తెలుస్తుంది. డెబిట్ కార్డులో పోయేది మన జీతం. క్రెడిట్ కార్డులో ముందు ఇరుక్కునేది బ్యాంకు డబ్బు. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా ఎక్కడో జరిగిన మోసమైతే, సమాచారం అందిన మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే మనకు బాధ్యత లేదని ఆర్‌బీఐ 2017లోనే చెప్పింది. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు ఫిర్యాదు చేసే వరకు పోయిందంతా మన నెత్తినే. కాబట్టి మెసేజ్ రాగానే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయడంలో ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు.

సిబిల్ స్కోరు సంగతి అందరికీ తెలిసిందే. మూడొందల నుంచి తొమ్మిదొందల దాకా ఉండే ఆ అంకె రేపు ఇంటి లోన్ దగ్గర మాట్లాడుతుంది. లిమిట్‌లో మూడో వంతు లోపు వాడుతూ, మొత్తం కడుతూ పోతే అది దానంతటదే పెరుగుతుంది.

ఇక పాయింట్లు. వీటి గురించే ఎక్కువ వీడియోలు, ఎక్కువ ఆశ. మామూలు కార్డు మీద వచ్చేది ఒక శాతం అటూ ఇటూ. నెలకు నలభై వేలు ఖర్చు పెట్టేవాళ్లకు నాలుగు వందలు. ఒక్క నెల ఆ నలభై వేలు కట్టకుండా వదిలేస్తే జీఎస్టీతో కలిపి 1,650 వడ్డీ. నాలుగు నెలల పాయింట్లు ఒక్క నెలలో పోయాయి. పైగా ఆ పాయింట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? కొంత షాపు యజమాని కట్టే కమిషన్ నుంచి. బంగారం కొట్లో "కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా అండీ" అనేది అందుకే. మిగతాది మా తమ్ముడి లాంటి వాళ్లు కట్టే వడ్డీ నుంచి. నేను మొత్తం కట్టి పాయింట్లు తీసుకుంటున్నానంటే, ఆ డబ్బులో కొంత మినిమం కడుతున్న ఇంకొకరిదే. ఈ మాట నాకు ఇష్టం లేదు, కానీ నిజం.

కార్డు చేతిలో ఉంటే మనిషి ఖర్చు మారుతుందనడానికి పరిశోధన కూడా ఉంది. అమెరికాలో ఎంఐటీకి చెందిన ప్రెలెక్, సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలం పాట పాడించారు. నగదు కట్టాలని చెప్పిన వాళ్లకంటే కార్డుతో కట్టొచ్చని చెప్పిన వాళ్లు దాదాపు రెట్టింపు పాడారు. మనకిప్పుడు అంతకంటే పెద్ద మార్పు వచ్చింది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు. టీ కొట్టు దగ్గర, కూరల బండి దగ్గర అదే క్యూఆర్, అదే పిన్, అదే టింగుమనే శబ్దం. ఖాతాలోంచి పోయిందా, అప్పు ఖాతాలో పడిందా అన్నది ఆ క్షణంలో తెలియదు. ముందు ఖాతాలో డబ్బు అయిపోతే స్కాన్ ఆగిపోయేది. ఆ ఆగడమే చాలామందికి బడ్జెట్. ఇప్పుడది పోయింది. అందుకే నేను కార్డుని యూపీఐకి కలపలేదు.

ప్రమాదం అసలు రూపం రెండో కార్డుతో మొదలవుతుంది. ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకొకటి వాడతారు. దీనికి మనవాళ్లు పెట్టుకున్న పేరు 'రొటేషన్'. ఎవరైనా "రొటేషన్ చేస్తున్నానన్నా, టెన్షన్ లేదు" అంటే నాకు గుండె జారుతుంది. కార్డు గీకి నగదు ఇచ్చే కొట్లు నూటికి రెండు మూడు రూపాయలు కోసుకుంటాయి. ఏటీఎంలో తీస్తే ఫీజు వేరు, వడ్డీ మొదటి రోజు నుంచే. తిప్పిన ప్రతిసారీ అప్పు కొంచెం పెరుగుతుంది, తగ్గిన రోజు ఉండదు.

తప్పంతా వాడేవాళ్ల మీదే వేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 2022లో వచ్చిన ఆర్‌బీఐ కార్డుల నిబంధనలు మంచివి. అడగకుండా కార్డు పంపకూడదు. మూసేయమని అడిగితే, బాకీ లేకపోతే, ఏడు పని దినాల్లో మూసేయాలి, లేదంటే రోజుకు 500 జరిమానా కస్టమర్‌కి కట్టాలి. మినిమం మాత్రమే కడుతూ పోతే అప్పు నెలలు, ఏళ్లు సాగుతుందని బిల్లు మీద హెచ్చరిక రాయాలి. మా తమ్ముడి బిల్లు మీద ఆ వాక్యం ఉంది. ఇంగ్లిష్‌లో, చివర్న, కళ్లు చికిలించుకుని చదవాల్సినంత చిన్న అక్షరాల్లో. ఏడు నెలల్లో వాడు ఒక్కసారీ చూడలేదు.

వడ్డీకి పరిమితి సంగతి కూడా తేలిపోయింది. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, అది ఆర్‌బీఐ చూసుకోవాల్సిన విషయమంది. మరి 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పులు పల్లెల్ని ఎలా నలిపేశాయో చూశాక, ఆ కంపెనీలకు అప్పట్లో, 2011లో, 26 శాతం పరిమితి పెట్టింది ఇదే ఆర్‌బీఐ. కూలి చేసుకునే అమ్మకు అప్పుడు 26 దాటితే ఎక్కువనిపించినప్పుడు, ఆమె కొడుక్కి 42 ఎందుకు ఎక్కువనిపించడం లేదు? పరిమితి పెట్టడం కష్టమంటే కనీసం ఒక్కటి చేయొచ్చు. కట్టే స్క్రీన్ మీద మినిమం అనే అంకె పక్కనే, తెలుగులో, 'మిగతాదానికి నూటికి ఇన్ని రూపాయల వడ్డీ' అని పెద్ద అక్షరాల్లో చూపించమని బ్యాంకులను ఆదేశించొచ్చు.

ఇప్పటికే ఇరుక్కున్న వాళ్లకు ఒకటే మాట. ముందు ఆ కార్డు వాడకం ఆపండి. బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్న వాటికి గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ. తర్వాత నాలుగు రూపాయల అప్పుని రూపాయి అప్పుగా మార్చే దారి వెతకండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో రూపాయి లోపే వస్తుంది. వసూలుకి ఫోన్లు వస్తుంటే ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదన్నది ఆర్‌బీఐ ఆదేశం. బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అన్నింటికంటే ముందు ఇంట్లో చెప్పండి. మా వాడు ఏడు నెలలు చెప్పలేదు. ఆ ఏడు నెలల వెల పదిహేడు వేలు.

కనుమ మర్నాడు పిన్ని తన మూడు కాసుల గొలుసు తీసుకుని బ్యాంకుకి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అరవై వేలు తీసుకుని కార్డు బాకీ మొత్తం కట్టించింది. నెలకు రెండు వేల మూడొందల పైన పోయే వడ్డీ ఐదొందల లోపుకి వచ్చింది. కార్డు మాత్రం మూసేయనివ్వలేదు. "మీ నాన్నకి అయినట్టు రేపెప్పుడైనా అర్ధరాత్రి అవసరం పడితే?" అంది నాతో.

వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లో ఇప్పుడు ప్రతి నెలా 18వ తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. రెండు రోజుల ముందే కొడుక్కి ఫోన్ చేస్తుంది.

"మొత్తమా, మినిమమా?"

"మొత్తం కట్టేశానమ్మా."

"ఆ కాగితం ఫొటో తీసి పంపు."