ఆరడుగుల నేల కథని సగమే చెబుతున్నారు

ఏ ఊరి గ్రూపు చూసినా ఈ మెసేజీనే. "పేదగా ఉన్నన్నాళ్లూ ఆ రైతు హాయిగా ఉన్నాడు. పొద్దుగూకేలోపు ఎంత నేల చుట్టివస్తే అంతా నీదేనన్నాడు రాజు. ఆశకొద్దీ పరిగెత్తి చచ్చాడు. చివరికి కావలసింది ఆరడుగులే. ఉన్నదాంతో తృప్తిపడండి." కింద టాల్‌స్టాయ్ పేరు. మా కావలి వైపు దీన్ని పంపేవాళ్లలో పొలం కౌలుకిచ్చి, నెల్లూరులో అంకణాల లెక్కన ప్లాట్లు కొనేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి.

1886 నాటి ఆ కథలో రాజు లేడు. నేల బష్కీర్లనే రష్యా మైదానాల తెగవాళ్లది. దానమూ కాదు, ఒక రోజులో చుట్టినంత నేలకి వెయ్యి రూబుళ్ల బేరం. పోనీ, ఇది చిన్న తప్పు.

"పేదగా హాయిగా ఉన్నాడు" అన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఆ రైతు పేరు పహోం. అతని గుర్రం పక్కనున్న దొరసాని ఓట్స్ చేలో పడేది, ఆవు ఆమె తోటలో దూరేది. ఆమె పెత్తనానికి పెట్టిన పాత సిపాయి ప్రతిసారీ జరిమానా వేసేవాడు. అది కట్టి, ఇంటికొచ్చి పెళ్లాంబిడ్డల మీద పడేవాడు పహోం. ఇదా హాయి?

"ఆస్తి రాగానే సుఖం పోయింది." అదీ కాదు. దొరసాని పొలం అమ్ముతుంటే ముందు ఊరంతా కలిసి కొందామనుకున్నారు, పొత్తు కుదరలేదు. (టాల్‌స్టాయ్ ఆ నింద సైతాను మీద వేశాడు. మన ఊళ్లలో పొత్తు చెడటానికి సైతాను దాకా ఎందుకు?) పహోం గుర్రప్పిల్లని, సగం తేనెటీగల్ని అమ్మాడు. కొడుకుని కూలికి పెట్టి జీతం ముందే తెచ్చుకున్నాడు. ఇంకొంత తోడల్లుడి దగ్గర అప్పు, సగం ధర దొరసానికే బాకీ. అరువు విత్తనాలతో పండించి ఏడాదిలో బాకీలు తీర్చాడు. తన పొలంలో మొలిచిన గడ్డి కూడా అతనికి కొత్తగా కనబడింది. ఆ సంతోషాన్ని టాల్‌స్టాయ్ ఎక్కడా వెక్కిరించలేదు.

చెడింది ఆ తర్వాత. ఊళ్లోవాళ్ల గొడ్లు అతని చేలో పడ్డాయి. కొన్నాళ్లు తోలేసి ఊరుకున్నాడు. మేపుకోవడానికి చోటు లేకే వస్తున్నాయని అతనికీ తెలుసు. అయినా కోర్టుకెక్కి జరిమానాలు వేయించాడు. నిన్న సిపాయి తనకి చేసిందే ఇవాళ తను ఇరుగుపొరుగుకి చేశాడు. బందెలదొడ్డి తగాదాలు చూసిన ఊరివాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరో చెట్లు నరికితే అనుమానం మీద ఒకడిపై కేసు పెట్టాడు, అది వీగిపోతే జడ్జీలతోనూ పోట్లాడాడు. పొలం పెరిగింది, ఊళ్లో మర్యాద పోయింది. బష్కీర్ల మైదానంలో పరుగు ఇదంతా అయ్యాకే. మెసేజీకి ఆ పరుగే కావాలి, ఎందుకంటే అందులో నష్టపోయేది పరిగెత్తినవాడొక్కడే.

ఇక "ఆరడుగులు చాలు." 1898లో ఇంకో రష్యన్ రచయిత చెహోవ్ 'గూస్‌బెర్రీస్' కథలో ఒక పాత్ర చేత దీనికి జవాబు చెప్పించాడు: ఆరడుగులు కావలసింది శవానికి, మనిషికి కాదు. అలాగని ఆస్తిని మెచ్చుకున్నాడా? లేదు. ఆ పాత్ర తమ్ముడు కడుపు మాడ్చుకుని ఎస్టేటు కొంటాడు, తన తోటలో కాసిన పుల్లటి కాయల్ని అమృతంలా తింటాడు. ఆ తృప్తిని చూసే అన్నకి గుండె బరువెక్కుతుంది. తృప్తిగా ఉన్న ప్రతివాడి తలుపు వెనకా సుత్తి పట్టుకుని ఒకడు నిలబడాలి, లోకంలో దుఃఖపడేవాళ్లున్నారని తలుపు కొట్టి గుర్తుచేయాలి అంటాడు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి నారుమళ్లు మునిగినప్పుడు, కౌలు కాస్త తగ్గించమని అడిగిన రైతుకి మా వైపు ఆసామి ఒకాయన ఈ తృప్తి మెసేజీనే పంపాడు. ఈసారి ఎవరైనా పంపదలిస్తే ఆ సుత్తి మాట కూడా జతచేసి ముందు ఆయనకే పంపండి.