కళ్లు పచ్చబడితే గ్యాస్ అంటారా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్లు మండిపోతోంది. మా పిన్నికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ఈమధ్యే ల్యాప్రోస్కోపీ చేసి దాన్ని తీసేశారు. పొద్దున చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. మూత్రం డికాషన్ రంగు, ఒళ్లంతా దురద. ఆసుపత్రికి ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి తీరిగ్గా చెప్పింది: "గ్యాస్ అయ్యుంటుంది మేడమ్, పరగడుపున గ్యాస్ బిళ్ల వేయండి."

గ్యాస్‌కి కళ్లు పచ్చబడతాయా తల్లీ!

పైత్యరసం తయారుచేసేది లివర్. గాల్‌బ్లాడర్ దాన్ని నిల్వ చేసే తిత్తి, అంతే. తిత్తి తీసేసినా రసం ఊరుతూనే ఉంటుంది, అది పేగులోకి దిగే గొట్టం సాఫీగా ఉండాలి. ఆ గొట్టంలో రాయి ఉండిపోతే రసం లివర్‌లోనే నిలిచిపోయి కామెర్లొస్తాయి. ఆపరేషన్‌లో గొట్టానికే దెబ్బ తగిలితే రసం పేగులోకి దిగకుండా బయట, పొట్ట లోపల కారుతుంది. ఆ దెబ్బ 1000 మందిలో 3 నుంచి 5 మందికేనట. సంతోషం. ఆ ఐదుగురూ ఎవరింటి మనుషులండీ? కామెర్లకు చలిజ్వరం తోడైతే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. ఈ ఒక్క ముక్క డిశ్చార్జ్ కాగితంలో రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? బిల్లులో మాత్రం దూది, గ్లౌజులతో సహా పేజీలకు పేజీలు. జాగ్రత్తల దగ్గర "అవసరమైతే రండి". ఏది అవసరమో మాకు కలలోకొచ్చి చెప్తారు కాబోలు.

సరే, ఆసుపత్రి వాళ్లు పరాయివాళ్లు. మా పెదనాన్నకేమైంది? "లివర్ చెడిపోయింది, పసరు పోయిద్దాం, మూడు ఆదివారాలు పథ్యం చాలు" అంటాడు. గొట్టంలో ఇరుక్కున్న రాయి పసరు తాగితే దిగొస్తుందా? నోట్లోంచి కెమెరా పైపు వేసి, ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో తీయాల్సిన రాయి అది! అప్పట్లో మా నాన్నకు కామెర్లొస్తే ఈయనే తీసుకెళ్లి చేతి మీద వాత పెట్టించాడు. నాన్నకొచ్చింది నీళ్ల వల్ల వచ్చే రకం, విశ్రాంతి తీసుకుంటే చాలామందికి దానంతటదే తగ్గుతుంది. తగ్గింది. ఘనతంతా వాతకు! ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు, ఈయన వైద్యమూ ఆగలేదు. ఏ పెళ్లికెళ్లినా అదే కథ, పక్కనే నాన్న చెయ్యి చాపి సాక్ష్యం.

పిన్నిని గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. లివర్ పరీక్షలు, స్కానింగ్ ఇవాళే చేయిస్తాం. ఈలోపు పెదనాన్న ఫ్యామిలీ గ్రూపులో పసరు పోసేవాడి నంబర్ పెట్టాడు. అప్పుడే పన్నెండు మంది దండాలు పెట్టేశారు. ఆ గ్రూపుకి అడ్మిన్‌ని నేనే.