అభిమన్యుడిని ఆపిన పదకొండు రోజులు

చంద్రగిరి దగ్గర మామయ్య వాళ్ల పల్లెలో భారతం జరుగుతోంది, అంటే హరికథలు, నాటకాలతో మహాభారతం మొత్తం చెప్పే పద్దెనిమిది రోజుల జాతర. మధ్యాహ్నం హరికథ ముగిసింది, రాత్రికి పద్మవ్యూహం నాటకం. ఈలోగా మామయ్య, అక్క వాదనకు దిగారు. కరోనా కాలంలో తిరుపతి ఇంట్లో కూర్చుని అక్క రోజూ రాత్రి తొమ్మిదికి వాట్సాప్ గ్రూపులో భారత కథ చెప్పేది. అరవై మంది వినేవారు. అది భారతమే కాదంటారు మామయ్య. నేను వేరుశనగకాయలు ఒలుస్తూ విన్నాను. నా మొగ్గు అక్క వైపే. అయినా మామయ్య మాటలు కొన్ని తీసిపారేయలేకపోయాను.

మామయ్య: 2020 మార్చి 20న తిరుమల కొండ మీద దర్శనాలు ఆపేశారు. మళ్లీ జనాన్ని పంపింది జూన్‌లోనే. స్వామికి జనం లేకుండా ఏకాంతంగా సేవ కొత్త కాదు కాబట్టి సర్దుకున్నారు. ఊరంతా చేరి భారతం ఆడే మిట్టకు ఏకాంతం ఎలా కుదురుతుందమ్మా? ఆ వేసవి దుర్యోధనుడి మట్టిబొమ్మ చేసినవాళ్లు లేరు, అగ్నిగుండం తొక్కినవాళ్లు లేరు. నువ్వేమో ఫోనులో ఎనిమిది నిమిషాలు మాట్లాడి భారతం చెప్పానంటావు.

అక్క: పన్నెండు నిమిషాలు.

మామయ్య: పన్నెండే అనుకో. పక్కన మనిషి లేని చోట కథేమిటి? అర్జునుడి తపస్సు కోసం నాటిన ఎత్తైన మాను ఎక్కుతూ ఆ వేషగాడు పైనుంచి నిమ్మకాయలు విసిరితే వందమంది కొంగులు పట్టేవారు. నీ గ్రూపులో ఎవరు ఏం పట్టారు?

అక్క: జ్వరం పట్టింది మామయ్యా, అందరికీ. ఒకరి పక్కన ఒకరు కూర్చుంటేనే ప్రమాదమైన రోజులవి. చావుకు ఇరవై మందికి మించి రాకూడదన్నారు. కథ వినడానికి ఎవరిని రమ్మనేది?

మామయ్య: రమ్మనలేకపోతే ఊరుకోవాలి. ఊరుకోవడం తప్పు కాదు. ఆ ఫోనుల్లోనే కదా కర్పూరం, వాము మూటగట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని తిప్పారు! మా వీధిలో ఇద్దరు దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లారు. ఓదార్పు వచ్చిన దారిలోనే అబద్ధమూ వచ్చింది.

(ఇక్కడ అక్క కాసేపు మాట్లాడలేదు. వాళ్ల గ్రూపులోనూ ఆ మూట కబురు వచ్చిందని నాకు తెలుసు. పెట్టినవాడిని అక్క గ్రూపులోంచి తీసేస్తే వాడు సొంత మరిది కావడంతో ఇంట్లో పెద్ద రభస జరిగింది.)

అక్క: వచ్చింది. తీసేశాను. 2021 మే నెలలో జరిగింది చెబుతాను, విను. ఆ నెల 10న రాత్రి మన ఊళ్లోనే ఒక పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ అందక పదకొండు మంది పోయారు. మర్నాడు నేను ద్రోణపర్వం మొదలుపెట్టాలి. మధ్యాహ్నం ఒకామె నుంచి కబురు. వాళ్ల అబ్బాయి అదే ఊళ్లో ఇంకో ఆసుపత్రిలో ఉన్నాడు, పంతొమ్మిదేళ్లు. "అక్కా, కొన్నాళ్లు అభిమన్యుడి దగ్గరికి వెళ్లకండి" అంది. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

మామయ్య: నువ్వు ఆపేశావు.

అక్క: అరణ్యపర్వానికి వెనక్కి వెళ్లాను. నలదమయంతుల కథ పదకొండు రోజులు సాగదీశాను. నలుడి వంట గురించే ఒక రాత్రంతా చెప్పాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మిట్ట మీద అయితే పద్దెనిమిది రోజుల లెక్క, ఎవరికోసమూ ఆగదు.

మామయ్య: ఆగకూడదు! అభిమన్యుడు చస్తాడని మిట్ట మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. మీ అమ్మమ్మ ఏటా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. పక్కన కూర్చున్నవాళ్లూ అంతే. ఎవరి కొడుకు కోసం ఏడుస్తున్నారో ఎవరూ అడిగేవారు కాదు. ఆ ఏడుపు కోసమే వెళ్తారమ్మా. నువ్వు దాన్ని ఆమెకు దక్కకుండా చేశావు. ఆమె ఇంటికి పోయి తలుపు దగ్గరైనా కూర్చోవలసింది.

అక్క: ఆమె ఉండేది కువైట్‌లో మామయ్యా. ఇంటిపనికి వెళ్లింది. ఆ ఏడాది అప్పటికి విదేశీయులను అక్కడికి రానివ్వడం లేదు. ఇక్కడికి వచ్చిందంటే తిరిగి పనిలోకి వెళ్లే దారి లేదు, వెళ్లకపోతే ఆసుపత్రి డబ్బు లేదు. రాత్రి ఆ ఇంటివాళ్ల గిన్నెలు కడుగుతూ చెవిలో నా గొంతు పెట్టుకునేది. ఏ తలుపు దగ్గర కూర్చోమంటావు?

మామయ్య నా చేతిలోంచి గుప్పెడు పప్పులు తీసుకున్నారు. తినలేదు.

మామయ్య: అబ్బాయి?

అక్క: పన్నెండో రోజు ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి ఆమే అడిగింది, ఇప్పుడు చెప్పండి అని. చెప్పాను. తెల్లారి చూస్తే ఆమె గొంతు పంపింది. మాటలు లేవు, ఏడుపే. రెండు నిమిషాలు.

మామయ్య: ఏడ్చింది కదా. నేనన్నది అదే.

అక్క: తనకు వీలైనప్పుడు ఏడ్చింది. నేనన్నదీ అదే.

మిట్ట వైపు నుంచి మైకు గరగరలాడింది. మామయ్య లేచి చాప చంకన పెట్టుకున్నారు. ఫోను ఇక్కడ పెట్టి రమ్మన్నారు అక్కను. కుదరదంది అక్క. కువైట్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆమె పని ముగించుకుని పద్మవ్యూహం వింటానందట.

"అయితే ముందే వెళ్లాలి," అని విసుక్కున్నారు మామయ్య. "వెనక కూర్చుంటే ద్రోణుడి వేషగాడి గొంతు మనకే వినపడదు, ఇక కువైట్‌కేం వినపడుతుంది!"