ఫోన్‌తో నీళ్లు కాగుతాయట!

మా ఇంటి గీజర్ మొన్న శనివారం పొద్దున ఆరున్నరకు పరమపదించింది. ఆ సమయంలో ఒంటి నిండా సబ్బుతో దాని కిందే ఉన్నాను కాబట్టి ఈ వార్తను నేను స్వయంగా ధ్రువీకరించగలను. లోపల టప్పుమని చప్పుడైంది, బయట బోర్డులో కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్, ఎంసీబీ, పడింది, డాబా మీది ట్యాంకులో రాత్రంతా చలికి ముడుచుకుని పడుకున్న నీళ్లు నేరుగా నా నెత్తిన పడ్డాయి. డిసెంబరు నెలలో, హనుమకొండలో, అలాంటి నీళ్లు పడినప్పుడు మనిషి నోట్లోంచి వచ్చే మాటలు రాతకు పనికిరావు.

పాతదాన్ని విప్పిన ప్లంబర్ మమ్మల్ని పిలిచి మరీ చూపించాడు. తొమ్మిదేళ్ల బోరు నీళ్లు కాయిల్ చుట్టూ సున్నం పెళ్లలు కట్టాయి. అది కాయిలో, వెల్ల వేసిన మక్కకంకో చెప్పడం కష్టం. పక్కన మెగ్నీషియం కడ్డీ ఒకటి సన్నని తీగలా మిగిలి వేలాడుతోంది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును తన మీదికి తెచ్చుకుని కరిగిపోవడమే దాని ఉద్యోగమట. అప్పుడప్పుడు మార్చాలట. తొమ్మిదేళ్లలో అలాంటి ప్రాణి ఒకటి లోపల ఉందని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

సరే, కొత్తది కొనాలి. నేను చేసిన తప్పల్లా ఆ మాటను ఆదివారం మధ్యాహ్నం, అందరూ అన్నం ముందు కూర్చున్నప్పుడు పైకి అనడం.

అమ్మ వెంటనే మా నాయనమ్మ రాగి బాయిలర్‌ను సభ ముందు పెట్టింది. నడుమ గొట్టం, గొట్టంలో నిప్పులు, పైన గరాటు లాంటి మూతి, పక్కన ఇత్తడి నల్లా. పైన ఒక చెంబు చన్నీళ్లు పోస్తే పక్క నుంచి ఒక చెంబు వేన్నీళ్లు వచ్చేవి. "నాలుగు పుల్లలేస్తే పదిమంది తానాలు చేసేటోళ్లు కొడుకా. కరెంటు లేదు, గిరెంటు లేదు" అంది. మరి ఆ బాయిలర్ ఏమైందమ్మా అని అడిగాను. నా పెళ్లికి ఇంటికి సున్నాలేస్తూ దాన్ని కిలోల లెక్కన అమ్మింది ఆవిడే. ఆ అంశాన్ని సభ రికార్డుల నుంచి తొలగించారు.

బామ్మర్ది సోలార్ అన్నాడు. గాజు గొట్టాలది, వంద లీటర్లది, ఒక్కసారి పెడితే ఎండ ఉన్నన్నాళ్లూ ఫ్రీ. హనుమకొండలో డాబా మీద గాజు గొట్టాలు పెడితే ముందు వాడుకునేది మనం కాదని అతనికి తెలుసు. మా వీధి కోతులు డిష్ యాంటెనాకు వేలాడి ఊగుతాయి, ట్యాంకు మూత లేపి జలకాలాడతాయి, మూతను పక్కింటి డాబా మీద పెట్టి వస్తాయి. "గొట్టాలు వద్దంటే పలకలది తీస్కో బావా" అన్నాడు. ఆ పలకల్లోని సన్నటి రాగి గొట్టాల్లోకి మా బోరు సున్నం ఎక్కితే గుండెకు స్టెంట్ వేసినట్టు వేయించాలి. "మరి మబ్బు పట్టిన రోజు?" అన్నాను. "ఆ రోజు గీజర్ వేస్కోవాలె" అన్నాడు. అంటే, గీజర్ కొనకుండా ఉండాలంటే ఒక గీజర్ కొనాలి.

చిన్నాయన గ్యాస్ గీజర్ అన్నాడు. దీని దగ్గర మాత్రం నేను నవ్వలేను. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరిగి పడిపోయే దాకా లోపలి మనిషికి తెలియదు. మా బాత్రూం వెంటిలేటర్‌కు చలి వస్తోందని మేమే అట్టముక్క అడ్డం పెట్టుకున్నాం. ఆ ముచ్చట అక్కడికే ముగిసింది.

చివరికి నేనూ నా భార్యా చౌరస్తా దగ్గరి ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. మాకు కావాల్సింది చెప్పడానికి అర నిమిషం చాలు. ఇంట్లో నలుగురం, ఇరవై అయిదు లీటర్లది, బోరు నీళ్లు. అక్కడి కుర్రాడు అంతా విని, "నీళ్ల సంగతి తర్వాత సార్, మీది ఆండ్రాయిడ్ ఫోనేనా?" అన్నాడు.

స్నానం గురించి అడగడానికి వెళ్లిన మనిషి ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండడు. గీజర్‌కు వై-ఫై ఉందట. ఊరవతల ఉండి కూడా ఫోన్‌లో నొక్కొచ్చట. "సపోజ్ మీరు హైదరాబాద్ నుంచి ట్రైన్ల వస్తున్నరనుకోండి సార్. ఘన్‌పూర్ దాటంగనే నొక్కిండ్రంటే, కాజీపేటల దిగి ఇంటికి పోయేసరికి నీళ్లు పొగలు కక్కుతయి."

నిజం చెప్పాలి, లెక్క కట్టి చూస్తే కుర్రాడు తప్పు చెప్పలేదు. 25 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి రెండు కిలోవాట్ల కాయిల్‌కు దాదాపు 35 నిమిషాలు పడుతుంది. ఘన్‌పూర్ నుంచి మా ఇంటికి సరిగ్గా సరిపోతుంది. భౌతికశాస్త్రం అతని వైపే ఉంది. లేనిదల్లా మా అమ్మ.

గోడ మీద ఎర్ర లైటు కనబడితే మా అమ్మ చెయ్యి దానంతట అదే స్విచ్ మీదికి పోతుంది. ఘన్‌పూర్‌లో నేను ఆన్ చేస్తాను, పెండ్యాల దాటేలోపు ఆమె ఆపేస్తుంది. గోడ స్విచ్ ఆపితే వై-ఫైకి కూడా ప్రాణం పోతుంది, ఇక ఫోన్‌లో ఎంత నొక్కినా అరణ్యరోదనే. అప్పుడు నేను రైలు తలుపు దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేయాలి. "అమ్మా, గీజర్ స్విచ్ ఒకసారి వెయ్యవా, నేను ఇక్కడి నుంచి ఆన్ చేస్త." ఆమె ఏమంటుందో నాకు తెలుసు. "స్విచ్ నేనే ఏసినంక, నువ్వు ఫోన్ల చేసేదేంది బిడ్డా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ఇంజనీరు ఇంకా పుట్టలేదు.

కుర్రాడు డెమో చూపిస్తానన్నాడు. యాప్ దించాడు. యాప్ నా లొకేషన్ అడిగింది. నా కాంటాక్టులు అడిగింది. నేను స్నానం చేసే సంగతి నా కాంటాక్టులకు ఎందుకు తెలియాలి? "ఇచ్చెయ్యండి సార్, ఏం కాదు" అన్నాడు. ఓటీపీ వచ్చింది, చెల్లదంది, మళ్లీ వచ్చింది. దుకాణం వై-ఫైకి గీజర్ కనబడలేదు, గీజర్‌కు ఫోన్ కనబడలేదు, ఈలోగా ఇంకో ఇద్దరు కుర్రాళ్లు, ఒక మేనేజరు చుట్టూ చేరి ఫోన్‌ను ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నారు. నా భార్య కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. పావుగంట తర్వాత మా కుర్రాడు ఎవరూ చూడట్లేదనుకుని వేలితో బటన్ నొక్కి, "ఇగో సార్, ఆన్ అయింది!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత నక్షత్రాలు. అయిదు స్టార్లు ఉన్నాయి సార్ అని, పెళ్లి సంబంధంలో ఇరవై నాలుగు గుణాలు కలిశాయన్నంత సంబరంగా చెప్పాడు. ఆ స్టార్లు దేనికిస్తారో అడిగితే కరెంటుకు అన్నాడు. కాగిన నీళ్లను వాడకుండా ట్యాంకులోనే ఉంచితే 24 గంటల్లో ఎంత వేడి బయటికి పోతుందో, దాన్ని కొలిచి ఇచ్చే స్టార్లవి. మంచి కొలతే. కాకపోతే మా ఇంట్లో వేడినీళ్లు 24 గంటలు కాదు కదా, 24 నిమిషాలు కూడా ఎవరూ ఉండనివ్వరు. ఇక మా పక్కింటాయన స్టార్ల జోలికే పోడు. సర్కారు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఆయనకు జీరో బిల్లు వస్తుంది, మీటరు 200 యూనిట్లు దాటకూడదు. నెలాఖరు వారం ఇంటిల్లిపాదీ చన్నీళ్లే.

నేను అడగాలనుకున్నది ఒకటే. బోరు నీళ్లకు ఏ ట్యాంకు ఆగుతుంది, మెగ్నీషియం కడ్డీ ఎప్పుడు మార్చాలి? కుర్రాడు మేనేజరు వైపు చూశాడు, మేనేజరు గోడ మీది పోస్టర్ వైపు చూశాడు, పోస్టర్‌లో ఒక హీరోయిన్ తడి జుట్టుతో మా అందరి వైపు చూసి నవ్వుతోంది. వై-ఫై లేనిది, లోపల గాజు పూత ఉన్నది కావాలన్నాను. అది గోడౌన్‌లో ఉందట. వెతికి తేవడానికి గంట పట్టింది.

బిగించడం ఫ్రీ. పైపులు, బోల్టులు, వాల్వు, బిగించడానికి వచ్చే మనిషి పెట్రోలు మాత్రం ఫ్రీ కాదు. పోనీ, అది అందరికీ తెలిసిన కథే.

వచ్చిన మనిషి పావుగంటలో బిగించాడు. స్విచ్ వేశాడు. కాసేపటికి సేఫ్టీ వాల్వు నుంచి చుక్క చుక్కగా నీళ్లు కారాయి. అతను ఏ మాత్రం తడుముకోకుండా సంచిలోంచి కన్నం మూసే బిరడా, డమ్మీ, ఒకటి తీసి, టెఫ్లాన్ టేపు చుట్టి, "లీకేజీ సార్, మూసేస్త" అన్నాడు.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకాదు. 25 లీటర్ల నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు కాగితే దాదాపు 380 మిల్లీలీటర్లు పొంగుతాయి. రెండు పెద్ద గ్లాసులు. వచ్చిన దారిన వెనక్కి పోకుండా అక్కడొక వాల్వు అడ్డం ఉంది. ఆ రెండు గ్లాసులు బయటికి రావడానికి ఉన్న ఒకే ఒక్క కన్నాన్ని నువ్వు మూసేస్తున్నావు. రేపు థర్మోస్టాట్ చెడిపోయి, వేడి మితిమీరితే కరెంటు ఆపాల్సిన కటౌట్ కూడా పట్టుకోకపోతే, నీళ్లు మరుగుతూనే ఉంటాయి, కన్నం ఉండదు, కింద నా కూతురు ఉంటుంది. మా నాయనమ్మ బాయిలర్‌కు మూతి తెరిచే ఉండేది. బడికి పోని కంచరి మనిషికి తెలిసిన ముచ్చట, వై-ఫై అమ్ముకునే మీకు తెలియదా? ఇన్ని ఇళ్లకు పోతారు కదా, ఎన్ని ఇళ్లలో ఇట్లా మూసి వచ్చారు?

గట్టిగానే అరిచాను. అతను డమ్మీని సంచిలో వేసుకుని, "అందరికీ గట్లనే చేస్తున్నం సార్" అన్నాడు. అదే కదా నా భయం.

ఆ కోపంలోనే సాకెట్‌లో ఎర్తింగ్ ఉందా అని అడిగాను. "లైటు వెలిగింది కదా సార్" అన్నాడు. మర్నాడు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపిస్తే, లేదు. నాలుగేళ్ల కిందట పార్కింగ్‌లో టైల్స్ వేసినవాళ్లు ఎర్త్ తీగను కోసి, మీద సిమెంటు పోసి, శుభ్రంగా టైలు పెట్టి పోయారు. నాలుగేళ్లు మేం ఆ గీజర్ కింద తడి కాళ్లతో నిలబడి స్నానాలు చేశాం. ఎంసీబీ ఉంది కదా అనుకున్నాం. ఎంసీబీ కాపాడేది తీగను. మనిషిని కాపాడాలంటే, కరెంటు పక్కదారి పట్టగానే లైను తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. మా బోర్డులో దాని జాగా ఖాళీగా ఉంది, అందులో బల్లి గుడ్లు పెట్టింది. ప్రతి చలికాలం జిల్లా పేజీలో ఒక మూలన వచ్చే వార్త మీరూ చదివే ఉంటారు. బకెట్‌లో హీటర్, తడి చెయ్యి, హాస్టల్ పిల్లవాడో, ఇంటి ఆడమనిషో. నాలుగు లైన్లు. పక్కనే అరపేజీలో ఫోన్‌తో నడిచే గీజర్ ప్రకటన. ఆ దుకాణంలో రెండు గంటలు నా ఫోన్ గురించి అడిగారు. ఎర్తింగ్‌కు ఉండే ఆ మూడో పిన్ను గురించి ఒక్కడూ అడగలేదు!

టైలు పగలగొట్టించి కొత్త తీగ వేయించాను. ఆర్‌సీసీబీ పెట్టించాను. బల్లి అలిగి వంటింట్లోకి మారింది.

సేఫ్టీ వాల్వు ఇప్పటికీ కారుతుంది. అమ్మ దాని కింద ఒక స్టీలు చెంబు పెట్టి, నిండగానే తులసి కోటలో పోస్తోంది. వచ్చిన చుట్టాలందరికీ "కొత్తదే, కారుతుంది, దుకాణంవాడు ముంచిండు" అని చూపిస్తోంది. నేను చెప్పడం మానేశాను. మొన్న ఆదివారం బామ్మర్ది వచ్చి, బాత్రూంలోకి తొంగి చూసి, "గిదెంత పని బావా, నా బండి డిక్కీల డమ్మీ ఉంది, రెండు నిమిషాల్ల కొట్టేస్త" అన్నాడు.

కోడికూరతో అన్నం పెట్టాం. బండి తాళం మాత్రం అతను వెళ్లేదాకా నా జేబులోనే ఉంది.