వకీలు కంటే ముందు కలవవలసిన వారు

కేసు పడగానే లాయరును కలవాలని ఈ మధ్య చదువుకున్న కుర్రాళ్లు కొందరు సలహాలిస్తున్నారు. ఇది ప్రమాదకరమైన ధోరణి. కలవవలసిన వాళ్లు అంతమంది ఉండగా నేరుగా లాయరు దగ్గరికి పోతే కార్పొరేటర్ నొచ్చుకోడా? బావమరిది ముఖం మాడ్చుకోడా? స్టేషన్ ఎదురుగా టీ కొట్టాయన ఇన్నేళ్లు నిలబడి సంపాదించిన న్యాయశాస్త్ర పరిజ్ఞానం ఏమైపోవాలి?

మన తిరుపతిలో పని జరిగే దారి ఒకటే. ఎమ్మెల్యే లెటరు ఉంటే బ్రేక్ దర్శనం, లేకపోతే కంపార్ట్‌మెంటులో కూర్చోవడం. బెయిలూ అంతే అని మన గట్టి నమ్మకం. మెజిస్ట్రేటు గారు కూడా లెటర్‌ప్యాడ్ మీద సంతకం చూసి, ఆధార్ జిరాక్స్‌తో పేరు సరిపోల్చి, "మొత్తం ఎంతమంది?" అని అడిగి బయటికి వదిలేస్తారని.

ఈ పద్ధతి ఎంత చక్కగా నడుస్తుందో చూడండి. మంచి ఎండాకాలం, వాటర్ ట్యాంకర్ దగ్గర ఇరుగుపొరుగు వాళ్లు ఇద్దరు తగువు పడ్డారనుకుందాం. ఒకాయన రెండో ఆయన మీదికి బిందె విసిరాడు. ప్లాస్టిక్ బిందె, నీలం రంగుది, ఖాళీది. రెండో ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. సాయంత్రానికి కేసు. భారతీయ న్యాయ సంహిత 118(1), అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, మూడేళ్ల దాకా జైలు. తిట్టినందుకు 352, బెదిరించినందుకు 351 అదనం. మర్నాడు కానిస్టేబుల్ వచ్చి 35(3) నోటీసు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాడు.

ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ఊరికే అరెస్టులు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులకు గట్టిగా చెప్పింది. అరెస్టు బదులు ఇచ్చే ఈ నోటీసును అప్పట్లో 41ఏ అనేవాళ్లు. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాక, భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే 35(3) అయింది. ఫలానా రోజు వచ్చి విచారణకు సహకరించు, నిన్ను ఇప్పుడే లోపలేయడం లేదు అని దాని సారాంశం. మనవాడు అది చదవలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, ఊరందరికీ చూపించడానికి బయల్దేరాడు.

కార్పొరేటర్ కాగితం విప్పకుండానే "ఎస్సై మనోడే, చెప్తాలే పో" అన్నాడు. బావమరిది "భయపడతావేంది బావా, మనమూ ఒక కేసు పెడదాం" అన్నాడు. టీ కొట్టాయన గ్లాసు కడుగుతూనే తీర్పు చెప్పాడు: "కొత్త చట్టంలో ఇది శానా పెద్దది అన్నా. రెండ్రోజులు కనపడకుండా పో." (ఆయన న్యాయం సంగతి ఎలా ఉన్నా, అల్లం టీ మాత్రం వంక పెట్టలేం.) జాతకం చూసినాయన రాహువు సరిగ్గా లేడన్నాడు. దాంతో మనవాడు స్టేషన్‌కు రమ్మన్న రోజునే శ్రీకాళహస్తికి పోయి రాహుకేతు పూజలో కూర్చున్నాడు.

నోటీసు ప్రకారం హాజరవుతూ ఉంటే, ప్రత్యేకంగా కారణం రాసి పెడితే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే అదే అరెస్టుకు కారణం కావచ్చు. రాహువు శాంతించాడో లేదో గానీ, ఎస్సై మాత్రం శాంతించలేదు.

ఇక్కడికి వచ్చాక, ఇంట్లో ఆడవాళ్ల పోరు పడలేక, లాయరు అవసరం పడుతుంది. అయితే ఎవరిని పెట్టుకోవాలి? లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. కాబట్టి మన ప్రజలు సొంతంగా కొన్ని కొలమానాలు తయారు చేసుకున్నారు. మొదటిది గొంతు. ట్యాంకర్ తగువులో మనవాడి కంటే గట్టిగా అరవగలిగితేనే వకాల్తా మీద సంతకం. రెండోది వరండాలో జనం. వాళ్లంతా వాయిదాకు వచ్చారా, ఇచ్చిన ఫీజు వెనక్కి అడగడానికి వచ్చారా అని ఎవరూ విచారించరు. అన్నిటికంటే ముఖ్యమైనది గ్యారంటీ. "ముందు ఎఫ్ఐఆర్ కాపీ తెండి, చూసి చెప్తా" అనే లాయరుకు ధైర్యం లేదని లెక్క. ఒక్క కాగితమూ చూడకుండా "కొట్టేయిస్తా పో" అనేవాడే సమర్థుడు.

ఫీజు దగ్గర మన తెలివి మరీ ఎక్కువ. "సగం ఇప్పుడు, కేసు గెలిచినాక సగం" అని బేరం పెడతాం. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. బెయిలుకెంత, ఛార్జిషీటు తర్వాత విచారణకెంత, హైకోర్టుకు పోవాల్సి వస్తే ఎంత అని విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోవచ్చు గానీ, అలా అడగడం మర్యాద కాదు. రసీదు అడగడం బొత్తిగా మర్యాద కాదు.

డబ్బు లేదంటారా? చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఇస్తారు. కానీ మన అనుమానం మనది: ఊరికే వచ్చే లాయరు ఏం వాదిస్తాడు? సర్వదర్శనం క్యూలో పైసా ఖర్చు లేకుండా రోజంతా నిలబడి దేవుణ్ణి చూసొచ్చిన వాడికి కూడా ఈ అనుమానం వస్తుంది.

చివరికి ఒక లాయరు, అదీ పెద్దగా గొంతు లేని మనిషి, ఎఫ్ఐఆర్ తెప్పించుకుని రెండుసార్లు చదివి అడిగాడు: "బిందె దేంతో చేసింది సామీ?"

కార్పొరేటర్ అడగని ప్రశ్న. జాతకంలో లేని ప్రశ్న. 118 కింద ఆయుధమంటే కాల్చేదో, పొడిచేదో, కోసేదో, ఆయుధంగా వాడితే ప్రాణం తీయగలిగేదో ఉండాలి. ఖాళీ ప్లాస్టిక్ బిందెకు అంత శక్తి లేదని వాదిస్తే, మిగిలేది 115(2), మామూలు గాయం. దెబ్బ తగిలినాయన ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు.

మనవాడికి ఇది నచ్చలేదు. "బిందె సంగతి ఇడిసిపెట్టండి సార్. వాణ్ణి కాణిపాకం రమ్మనండి. ప్రమాణం చేయమనండి, తేలిపోతాది!"

కాణిపాకం అంటే గుర్తొచ్చింది, అక్కడి స్థలపురాణమే ఒక క్రిమినల్ కేసు. లిఖితుడు ఆకలికి ఓర్వలేక మామిడి తోటలో కాయ కోసుకుని తిన్నాడు. అన్న శంఖుడి మాట మీద విషయం రాజు దాకా వెళ్లింది. లాయరు లేడు, నోటీసు లేదు, వాయిదా లేదు. రాజు రెండు చేతులూ నరికించాడు. తర్వాత ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయి కాబట్టి ఆ ఏరు బాహుదా అయింది. అంటే అప్పీలు మాత్రం బాగానే నడిచింది.

ఇప్పుడైతే ఏ జూనియరైనా దొంగతనం సెక్షన్ 303(2) తీసి చూపించేవాడు. ఐదు వేల లోపు సొత్తు, మొదటి నేరం, కాయ ఖరీదు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. 2025లో తోతాపురి మామిడికి ప్రభుత్వ సాయం నాలుగు రూపాయలు కలిపి ఇప్పిస్తామన్న ధర కిలో పన్నెండు. ఆ లెక్కన ఐదు వేలు దాటాలంటే లిఖితుడు ఒక్కడే కూర్చుని నాలుగు క్వింటాళ్లకు పైగా తినాలి. జైలు మాటే ఉండదు. లాయరు ఫీజు కట్టడానికి మాత్రం ఆ రాజు తోట ఆ ఏడాది కాపంతా అమ్మినా చాలేది కాదు.