ఏ కారుకు కిట్ వస్తుంది, ఏ కారుకు రాదు

విడి భాగాలుగా పెట్టెలో వచ్చి, ఇంట్లో జిగురుతో అతికించి చిన్న నమూనాగా కట్టుకునే ప్లాస్టిక్ కారు కిట్లు సేకరించేవారి మధ్య తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ఫోర్డ్ మస్టాంగ్‌కు ఇప్పటికే లెక్కలేనన్ని కిట్లు ఉండగా మళ్లీ మస్టాంగే ఎందుకు, మా నాన్న పాతికేళ్లు నడిపిన నాలుగు తలుపుల సెడాన్‌కు ఒక్క కిట్ అయినా ఎందుకు లేదు అన్నదే ఆ ఫిర్యాదు. అది న్యాయమైనదే. అయితే కంపెనీలకు కొత్త ఆలోచనలు లేవనో, అందమైన కార్లే అమ్ముడుపోతాయనో సాధారణంగా చెప్పుకునే కారణం సగమే నిజం. ఒక కారు కిట్‌గా మారుతుందా లేదా అన్నది ఆ కారు గొప్పతనం కన్నా, దాని అచ్చుకు అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలుతూ వచ్చింది. డబ్బు పెట్టేవారు మారినప్పుడల్లా కిట్ల జాబితా కూడా మారింది.

కిట్‌లో ఉండే పాలీస్టైరిన్ ప్లాస్టిక్ చవకైన సరుకు. ఖరీదంతా దానికి రూపమిచ్చే ఉక్కు అచ్చుదే. బాడీ పైభాగం నుంచి డాష్‌బోర్డు మీటల వరకు ప్రతి భాగాన్నీ ఆ ఉక్కులో తొలవాలి, కరిగిన ప్లాస్టిక్ మూలమూలకూ చేరేలా దారులు వేయాలి, చల్లారాక భాగం చెదరకుండా బయటికొచ్చేలా చూడాలి. ఒకసారి తయారైన అచ్చును జాగ్రత్తగా చూసుకుంటే దశాబ్దాల పాటు కిట్లు తీయవచ్చు. కిట్ కంపెనీ అసలు ఆస్తి దాని పేరు కాదు, గోదాములో ఉన్న ఆ ఉక్కు. ఈ రంగంలో కంపెనీలు చేతులు మారినప్పుడు ముఖ్యంగా కొన్నదీ అమ్మినదీ ఆ అచ్చులనే.

1950లలో అమెరికాలో ఈ ఖర్చు వెనుక కార్ల కంపెనీలే ఉండేవి. 1948లో మిషిగన్‌లో మొదలైన ఏఎంటీ, డెట్రాయిట్‌కు చెందిన జో-హాన్ వంటి సంస్థలు మొదట చేసింది కిట్లు కాదు, షోరూములకు ఇచ్చే ప్రచార నమూనాలు. కొత్త మోడల్ విడుదలకు ముందే కార్ల కంపెనీ తన డ్రాయింగులను వీరికి అందించేది. వారు దానిని 25వ వంతు కొలతలో ప్లాస్టిక్‌లో తయారుచేసేవారు. డీలర్లు ఆ చిన్న కార్లను రంగుల నమూనాగా చూపించేవారు, కారు చూడడానికి వచ్చినవారి పిల్లల చేతిలోనూ పెట్టేవారు. 1958లో ఏఎంటీ ఇదే బాడీని విడి భాగాలతో కలిపి పెట్టెలో పెట్టి, మామూలు కారుగానో, సొంతంగా మార్చిన కారుగానో, రేసు కారుగానో కట్టుకోవచ్చంటూ ‘త్రీ ఇన్ వన్’ కిట్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అమెరికన్ కిట్లకు 1/25 స్కేలు స్థిరపడింది ఈ ప్రచార నమూనాల వల్లే. మిగతా ప్రపంచం చాలావరకు 1/24 స్కేలులో కిట్లు చేస్తుండగా అమెరికాలో మాత్రం ఆ ఒక్క అంకె తేడా నేటికీ మిగిలిపోయింది. ఒకే అలమరలో రెండు స్కేళ్ల కార్లు పక్కపక్కన పెట్టుకోలేక నలిగిపోయే సేకర్తల బాధ అక్కడిదే.

ఈ ఏర్పాటు వల్ల కలిగిన ఫలితాన్ని చాలామంది గమనించరు. అచ్చు ఖర్చు వెనుక షోరూము ఉన్నందువల్ల షోరూములో ఉన్న కారల్లా కిట్‌గా వచ్చింది. ఫోర్డ్ ఫాల్కన్, ప్లిమత్ వేలియంట్, రాంబ్లర్ వంటి పొదుపు కార్లకూ కిట్లు వచ్చాయి. 1970లలో షెవ్రోలే వేగా, ఫోర్డ్ పింటో, ఏఎంసీ గ్రెమ్లిన్‌ల వంటి, ఇవాళ ఎవరూ కలలోనైనా కోరుకోని కార్లకు కూడా వచ్చాయి. ఏ కంపెనీ కార్లు ఎవరు చేయాలన్నది కూడా ఆ ఒప్పందాలను బట్టే పంచుకున్నట్టు ఉండేది. కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్, రాంబ్లర్‌లు ఎక్కువగా జో-హాన్ పెట్టెల్లో కనిపించడానికి కారణం ఇదే. సామాన్యుడి కారు కిట్ల చరిత్రలో అంత బాగా నమోదైన కాలం ఇంకొకటి లేదు. అది ఎవరి చరిత్ర స్పృహ వల్లనో జరిగింది కాదు, పూర్తిగా డీలర్ల ప్రచార బడ్జెట్ చలవ.

అయితే అదే ఏర్పాటు ఆ చరిత్రను చెరిపేసింది కూడా. కార్ల కంపెనీలు ఏటేటా గ్రిల్లు, వెనుక లైట్లు, పక్క గీతలు మార్చేవి. కిట్ కంపెనీ ప్రతి సంవత్సరం కొత్త అచ్చు తీయకుండా పాత అచ్చులోనే ఉక్కును తొలిచి, అతికి, కొత్త సంవత్సరం రూపానికి మార్చేది. 1964 కారు అచ్చు 1965 కారు అచ్చుగా మారిన క్షణం నుంచి 1964 కారును మళ్లీ తీయడం సాధ్యం కాదు. ఆ పరంపర ముగిశాక మిగిలిన అచ్చులను డ్రాగ్ రేసు కారుగానో, మట్టి ట్రాకు రేసు కారుగానో చెక్కేసి మరికొన్నాళ్లు వాడుకున్నారు. చక్రాల పైన ఉండే బాడీ అంచులు కోసేసిన అచ్చును మళ్లీ మామూలు కారుగా మార్చాలంటే కొత్త అచ్చు తీసినంత పని. ‘ఆ పాత కిట్‌ను మళ్లీ విడుదల చేయడానికి ఏమి కష్టం, అచ్చు వాళ్ల దగ్గరే ఉంది కదా’ అని అడిగేవారికి చాలా సందర్భాల్లో నిజమైన జవాబు ఇదే: అచ్చు ఉంది, కానీ అందులో ఇప్పుడు ఆ కారు లేదు.

1970ల మధ్య నుంచి పరిస్థితి తిరగబడింది. 1973 చమురు సంక్షోభంతో ప్లాస్టిక్ ధర పెరిగింది, ప్రచార నమూనాలపై కార్ల కంపెనీల ఆసక్తి క్రమంగా తగ్గింది, కిట్లు కొనే పిల్లలు వేరే ఆటలకు మళ్లారు. ఏఎంటీ 1978లో మ్యాచ్‌బాక్స్ యజమాని అయిన లెస్నీ చేతికి, తర్వాత ఎర్టల్ చేతికి వెళ్లి, చివరికి ఇండియానా రాష్ట్రంలోని రౌండ్ 2 సంస్థ వద్దకు చేరింది. ఏఎంటీకి ఒకప్పుడు పోటీ అయిన ఎంపీసీ అచ్చులు కూడా ఇప్పుడు అక్కడే ఉన్నాయి. మరో రెండు కిట్ కంపెనీలైన రెవెల్, మోనోగ్రామ్‌లు 1986లో ఒకటయ్యాయి. వాటి యజమాని హాబికో 2018లో దివాలా పిటిషన్ వేశాక రెవెల్ ఒక జర్మన్ పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. ఇన్ని చేతులు మారిన తర్వాత మిగిలింది, పాత అచ్చుల మీద వీలైనంత రాబట్టుకునే వ్యాపారం. పాత అచ్చుకు కొత్త పెట్టె, కొత్త డెకాల్స్ (మోడల్‌పై అతికించే గుర్తులు) వేస్తే ఖర్చు తక్కువ, నష్టభయం తక్కువ. కొత్త అచ్చు తీయాలంటే ఆ ఖర్చును నేరుగా కొనుగోలుదారు జేబు నుంచే రాబట్టాలి.

ఆ కొనుగోలుదారు ఇప్పుడు పదేళ్ల పిల్లవాడు కాదు, అరవై దాటిన మనిషి. ఆయన కుర్రతనంలో ఆశపడి కొనలేకపోయిన కారు మస్టాంగ్, కమారో, చార్జర్. వాళ్ల ఇంటి ముందు నిలిచిన కారు మాత్రం వేరు. కిట్ల జాబితాను ఒకప్పుడు షోరూము రాసింది, ఇప్పుడు తీరని కోరిక రాస్తోంది. దీనికి తోడు 1990ల నుంచి కార్ల కంపెనీలు తమ పేరు, ఆకారం వాడుకున్నందుకు రాయల్టీ వసూలు చేయడం మామూలైంది. తన ప్రచారం కోసం డ్రాయింగులు పంపిన పరిశ్రమే ఇప్పుడు లైసెన్సు కాగితం పంపుతోంది. ఎంత మందికి అమ్ముడుపోతుందో తెలియని సెడాన్‌కు అచ్చు ఖర్చు, దానిపై రాయల్టీ కూడా పెట్టడానికి ఏ లెక్కల మనిషీ ఒప్పుకోడు.

జపాన్‌లో కథ వేరుగా నడిచింది. తమియా, హసెగావా, ఫుజిమి, అవోషిమా అనే నాలుగు కిట్ కంపెనీలూ షిజువోకా ప్రాంతానికి చెందినవే. అక్కడ తొలి దశలో చాలా కార్ల కిట్లు బ్యాటరీ మోటారుతో నడిచేవి. మోటారుకూ బ్యాటరీకీ చోటు కావాలి కనుక ఇంజిన్ ఉండేది కాదు, లోపలి సీట్లు పలుచగా ఉండేవి. మోటార్లు పోయినా, బానెట్ తెరుచుకోని, ఇంజిన్ లేని కిట్ ఆ దేశపు అలవాటుగా మిగిలిపోయింది. అమెరికన్ సేకర్తలు దీన్ని లోపంగా చూస్తారు కానీ, నాకు అది లాభంగానే కనిపిస్తుంది. భాగాలు తగ్గితే అచ్చు ఖర్చు తగ్గుతుంది, అప్పుడు చిన్న కార్లకు కూడా అవకాశం దొరుకుతుంది. అవోషిమా జాబితాలో టయోటా హైఏస్ వ్యాన్లు, క్రౌన్ టాక్సీలు, పోలీసు కార్లు చోటు సంపాదించుకున్నది ఇలాంటి లెక్కల వల్లే. ఒక మాంగాలో (జపనీస్ బొమ్మల కథలో) టోఫు దుకాణపు కుర్రాడు నడిపినందుకు 1980ల నాటి సాధారణ టయోటా ట్రూనోకు రెండు మూడు కంపెనీలు పోటీపడి కిట్లు తీశాయి. దీన్ని బట్టి సామాన్యమైన కారు అమ్ముడుపోదన్న మాట పూర్తిగా నిజం కాదు, దాని చుట్టూ ఒక కథ ఉండాలి.

తమియాది మరో కొస. 1970లలో పోర్షె 934 కిట్ చేయడానికి ఆ సంస్థ నిజమైన పోర్షె 911ను కొని విడదీసి చూసింది. అంత నిష్ఠ వల్లే దాని భాగాలు జిగురు లేకుండానే కూర్చున్నట్టు అమరుతాయి. కానీ అదే నిష్ఠ వల్ల ఏటా కొత్తగా వచ్చే కార్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉంటాయి, అవి ఫోర్డ్ జీటీ, మెర్సిడెస్ 300 ఎస్ఎల్, మెక్‌లారెన్ సెన్నా వంటి ఎవరూ కాదనలేని పేర్లే అవుతాయి. కిట్ నాణ్యత పెరిగే కొద్దీ ఎంపిక ఇరుకవడం ఈ రంగంలో ఎవరూ పెద్దగా చర్చించని నష్టం. కాస్త తక్కువ నాణ్యతలోనైనా నాలుగు రకాల కార్లు చూడాలని కోరుకునేవారిలో నేనూ ఒకణ్ణి.

ఇరుకును దాటిన ఉదాహరణలు లేకపోలేదు. అమెరికాలో ఆలస్యంగా ఈ రంగంలోకి వచ్చిన మోబియస్ సంస్థ, పెద్ద కంపెనీలు వదిలేసిన హడ్సన్ హార్నెట్‌ను, 1955 క్రైస్లర్ సీ-300ను, ఫోర్డ్ పికప్ ట్రక్కులను ఎంచుకుంది. పికప్ విషయంలో దాని తెలివి గమనించదగ్గది: ఛాసిస్, క్యాబిన్ ఉమ్మడిగా ఉంచి, గ్రిల్లూ వెనుక పెట్టే వంటి భాగాలు మార్చుకుంటూ ఒకే పెట్టుబడి మీద పలు సంవత్సరాల ట్రక్కులు తీసింది. రౌండ్ 2 కూడా ఇటీవల, పూర్వపు అచ్చు మారిపోయిన కార్లను తిరిగి తయారుచేస్తోంది. 1963 షెవీ టూ నోవా స్టేషన్ వ్యాగన్ అలా వచ్చిందే. సంసారపక్షపు వ్యాగన్‌కు కొత్త అచ్చు వస్తుందని ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా చెబితే నవ్వేవారు.

ఇక్కడ సేకర్తల బాధ్యత కూడా చెప్పుకోవాలి. వేరే కారు కావాలని అడిగే గొంతే దుకాణంలో మళ్లీ కార్వెట్ పెట్టె పట్టుకుని బయటికొస్తుంది. సీలు విప్పని పాత పెట్టెలు దాచుకున్నవారు అదే కిట్ మళ్లీ విడుదలైతే తమ పెట్టె ధర పడిపోతుందని లోలోపల భయపడతారు, కట్టుకునేవారు మాత్రం అదే పునర్విడుదల కోసం ఎదురుచూస్తారు. కంపెనీకి వీళ్లిద్దరూ ఒకే ‘సేకర్త’గా కనిపిస్తున్నంత కాలం అడిగేదానికీ కొనేదానికీ పొంతన కుదరదు.

మన దేశంలో ఇష్టపడేవారు లేక కాదు, దారి కష్టం. స్కేలు మోడళ్లు కస్టమ్స్ వర్గీకరణలో బొమ్మలతో పాటు 9503 శీర్షిక కిందికే వస్తాయి. ఆ శీర్షికపై ప్రాథమిక సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెరిగింది. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడే ఉద్దేశంతో వేసిన సుంకం, ఇక్కడ తయారే కాని సరుకు మీదా పడింది. మారుతీ జిప్సీకి దగ్గరి బంధువైన సుజుకీ జిమ్నీకి జపాన్‌లో కిట్లు ఉన్నాయి, అక్కడ దాన్ని కొనేవారు ఉన్నారు కనుక. అంబాసిడర్ సంగతి అలా కాదు. 1950ల చివర నుంచి 2014 వరకు ఉత్తరపారా కర్మాగారంలో తయారైన ఆ కారు ఆకారం పెద్దగా మారనే లేదు. పై లెక్కల ప్రకారం ఇది కిట్ కంపెనీకి అనువైన కారు: ఒకే బాడీ అచ్చు, మారే గ్రిల్లులు, కోల్‌కతా పసుపు టాక్సీ, ఎర్రబుగ్గ తెల్ల సర్కారీ కారు. ఇంజెక్షన్ మోల్డింగ్ నైపుణ్యానికి ఇక్కడ కొరత లేదు, అదే కారును కీ ఇవ్వకుండా వెనక్కి లాగితే పరుగెత్తే ప్లాస్టిక్ బొమ్మగా చేసే కంపెనీలు మన దగ్గర ఉన్నాయి. కానీ ఆ పేరు దాన్ని తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ చేతిలో లేదు, 2017లో ఫ్రెంచ్ కార్ల సంస్థ పెజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. కిట్ వేయాలనుకునే భారతీయ సంస్థ ముందుగా ఆ పేరు హక్కుదారు వైపు లైసెన్సు కోసం చూడాలి, ఆ తర్వాత జిగురు, రంగు పట్టుకుని కూర్చునే కొన్ని వేలమంది కొనుగోలుదారులను దేశంలో వెతుక్కోవాలి. మొదటి పని ఒక ఉత్తరంతో మొదలవుతుంది. రెండోదే కష్టం.